నలభై అయిదు దాటాక బరువు తగ్గడం మళ్ళీ మొదలుపెట్టాలంటే ఆ ఊపు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

మళ్ళీమొదలు
ఈ ప్రశ్న నలభై అయిదు, యాభై దాటినవాళ్ళ గురించి. ఒకటి రెండుసార్లు బాగానే తగ్గారు, తగ్గిందంతా వడ్డీతో సహా తిరిగొచ్చింది, ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టడానికి మనసొప్పడం లేదు. ఏం తినాలో ఎంత నడవాలో వీళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు, ఎదుటివాళ్ళకి పాఠం చెప్పగలరు. కాలు మాత్రం కదలదు.

అడగాలనుకున్నవి మూడు. సోమవారం పుట్టిన ఊపు గురువారానికి ఎందుకు చస్తుంది? వయసుతో మెటబాలిజం, అంటే ఒళ్ళు శక్తి ఖర్చుపెట్టే వేగం, పడిపోతుందంటారు, అందులో నిజమెంత? మొదటి రెండు వారాలు రోజువారీగా చెయ్యాల్సిందేమిటి? "నేను ఇలా తగ్గాను" కథలు వేరే చోట బోలెడున్నాయి, ఇక్కడ లెక్కలు, పద్ధతులు, ఎక్కడ బెడిసికొడుతుందో చెప్పండి చాలు.

కొలతబద్ద
రెండో ప్రశ్న ముందు తేల్చేద్దాం. "వయసైపోయింది, ఇక తగ్గదు" అన్న నమ్మకమే సగం ఊపును తినేస్తుంది.

2021లో హెర్మన్ పాంట్జర్ బృందం "సైన్స్" అనే పత్రికలో ఒక విశ్లేషణ ప్రచురించింది. 29 దేశాల నుంచి 6,400 మందికి పైగా, ఎనిమిది రోజుల పసికందు మొదలు 95 ఏళ్ళవాళ్ళ దాకా, రోజుకి ఎంత శక్తి ఖర్చవుతుందో చూశారు. ఒంటి పరిమాణం, కొవ్వు కాని బరువు లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ళ వరకు ఖర్చు దాదాపు సమంగానే ఉంది. 60 దాటాకే ఏడాదికి సుమారు 0.7 శాతం చొప్పున తగ్గింది.

మరి మారింది ఏమిటి? కండ. ముప్పై దాటాక దాన్ని పట్టించుకోకపోతే పదేళ్ళకి 3 నుంచి 8 శాతం దాకా పోతుంది. పైగా కుర్చీలో గంటలు పెరుగుతాయి, నిద్ర తగ్గుతుంది, మందులు చేరతాయి. ఆడవాళ్ళలో మెనోపాజ్ (నెలసరి ఆగే దశ) దగ్గరపడే కొద్దీ ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి, తొడల్లో చేరే కొవ్వు పొట్టలోకి మళ్ళుతుంది. బరువు అంతే ఉన్నా నడుం పెరిగిందనిపించేది అందుకే.

మీ లెక్క మీరే వేసుకోవచ్చు. 1990 నాటి మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం ఇది: బరువు కేజీల్లో × 10, ఎత్తు సెంటీమీటర్లలో × 6.25, ఈ రెండూ కలిపి, అందులోంచి వయసు × 5 తీసెయ్యాలి. చివరగా మగవాళ్ళయితే 5 కలపాలి, ఆడవాళ్ళయితే 161 తీసెయ్యాలి. 48 ఏళ్ళ వయసు, 160 సెంటీమీటర్ల ఎత్తు, 78 కేజీల బరువున్న ఆవిడకి 780 + 1000 − 240 − 161, అంటే 1,379 కేలరీలు. ఇది ఊరికే పడుకున్నా ఖర్చయ్యేది. ఎక్కువసేపు కూర్చునే పని, కాస్త నడక ఉంటే దీన్ని 1.4తో హెచ్చవేస్తే సుమారు 1,930. ఈ సూత్రంలో వయసు వాటా చూడండి, పదేళ్ళకి 50 కేలరీలు. నిందంతా దాని నెత్తిన వెయ్యడం అన్యాయం కదా.

తూకంరాయి
కొలతబద్ద గారూ, ఒప్పుకుంటాను, కానీ ఒకసారి తగ్గి పెరిగినవాళ్ళ సంగతి అంత సాఫీగా ఉండదు. 2016లో కెవిన్ హాల్ బృందం టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించింది. విశ్రాంతిలో వాళ్ళ శక్తి ఖర్చు, వాళ్ళ ఒంటికి ఉండాల్సిన దానికన్నా రోజుకి సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. ఒళ్ళు పొదుపు నేర్చుకుంటుందన్నమాట.

కొలతబద్ద
అది నిజమే. అయితే అక్కడ పోటీ కోసం రోజుకి గంటల తరబడి వ్యాయామం, కఠినమైన తిండి కోత. నెలకి రెండు కేజీలు తగ్గేవాళ్ళకి ఆ అంకె అంటించలేం. పొదుపు అందరికీ కొంత ఉంటుంది, మామూలు వేగంలో అది చాలా చిన్నది. మనం నేర్చుకోవాల్సిందేమంటే, రెండోసారి మొదలుపెట్టేటప్పుడు మొదటిసారి కన్నా నెమ్మదిగా వెళ్ళాలి. జనం చేసేది సరిగ్గా తిరగేసి ఉంటుంది: "పోయినసారి మూడు నెలలు పట్టింది, ఈసారి నెలన్నరలో లాగించేద్దాం" అని.

నిదానం
మొదటి ప్రశ్నకి వస్తాను.

మళ్ళీ మొదలుపెట్టడం, కొత్తగా మొదలుపెట్టడం ఒకటి కావు. కొత్తవాళ్ళకి తెలియనితనం ఒక వరం. మీకు ఓడిపోయిన జ్ఞాపకం ఉంది, మెదడు దాన్ని పట్టుకుని "ఎందుకొచ్చిన శ్రమ" అంటుంది. బద్ధకమని పేరు పెడతాం గానీ, ఆ మెదడు వేస్తున్నది తెలివైన లెక్కే: పాత పద్ధతే మళ్ళీ చేస్తే పాత ఫలితమే వస్తుంది. దాన్ని ఒప్పించాలంటే పద్ధతి మారినట్టు రుజువు చూపించాలి. నినాదాలకి అది లొంగదు.

కాబట్టి మొదటి పని నడక కాదు, పోయిన ప్రయత్నానికి పోస్ట్‌మార్టం. ఒక కాగితం, ఇరవై నిమిషాలు. నాలుగు విషయాలు రాయండి: ఎన్నో వారంలో ఆగింది, ఏ పూట ఆగింది, ఆ రోజు ముందుగా ఏది వదిలేశారు, దానికి వారం ముందు జీవితంలో ఏం మారింది. "క్రమశిక్షణ లేదు" అని రాస్తే కొట్టెయ్యండి, అది కారణం కాదు, తిట్టు.

దాదాపు ప్రతి కాగితమూ ఐదింటిలో ఒకదాని దగ్గర తేలుతుంది. సాయంత్రం ఆకలి తట్టుకోలేకపోయారంటే పగటి తిండి మరీ తక్కువైంది, కేలరీల లోటు (ఖర్చు కన్నా తక్కువ తినే మొత్తం) తగ్గించాలి. నొప్పి వచ్చి ఆగారంటే మొదటి వారాల మోతాదు ఎక్కువైంది. టైము లేక ఆగారంటే ఆ పథకం ఖాళీ రోజులను చూసి వేసుకున్నది, రద్దీ రోజుకి అందులో చోటే లేదు. తూకం ముల్లు కదలక విసిగి ఆగారంటే కొలిచే పద్ధతి తప్పు. ఇంట్లోవాళ్ళతో పేచీ వచ్చి ఆగారంటే విడి వంట పెట్టుకుని ఉంటారు. ఏ రోగానికి ఆ మందు. మీకు తెగింది ఒక్క చోటే అయితే ఆ ఒక్కటే మార్చండి, మిగతాదంతా పనిచేసిందేగా.

సోమవారం గురించి. ప్రత్యేకమైన తేదీకి ఒక బలం ఉన్న మాట నిజం. 2014లో హెంగ్‌చెన్ డై, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ దీనికి "ఫ్రెష్ స్టార్ట్ ఎఫెక్ట్" అని పేరు పెట్టారు. వారం మొదట్లో, నెల మొదట్లో, పుట్టినరోజు తర్వాత జనం లక్ష్యాల వైపు మొగ్గుతారని చూపించారు. కానీ ఆ ఊపు తలుపు తీస్తుంది, లోపల నడిపించదు. దాని ఆయుష్షు మూడు నాలుగు రోజులని ముందే అనుకుని, ఆ రోజుల్లో కసరత్తు కన్నా ఏర్పాట్ల మీద ఖర్చుపెట్టండి. బూట్లు వాకిట్లో పెట్టడం, తూకం యంత్రం కొత్త బ్యాటరీతో ఒకే చోట పెట్టడం, రక్తపరీక్షకి రోజు ఖాయం చేసుకోవడం, ఇంట్లో కళ్ళెదురుగా ఉండే డబ్బాలను పై అరలోకి ఎక్కించడం. ఊపు పోయినా ఇవి మిగులుతాయి.

మళ్ళీమొదలు
నిదానం గారూ, "టైము లేక" అన్నదానికి మందు చెప్పలేదు. నలభై అయిదు దాటినవాళ్ళకి అసలు రోగం అదే కదండీ. ఒకవైపు పెద్దవాళ్ళు, ఒకవైపు పిల్లలు, మధ్యలో ఉద్యోగం.

నిదానం
రెండు పథకాలు రాసుకోవాలి, మామూలు రోజుది, గడ్డు రోజుది. మామూలు రోజుకి 30 నిమిషాల నడక అయితే గడ్డు రోజుకి 5 నిమిషాలు. మామూలు రోజుకి కండ వ్యాయామం 20 నిమిషాలైతే గడ్డు రోజుకి కుర్చీలోంచి పది సార్లు లేచి కూర్చోవడం. గడ్డు రోజుది ఎంత చిన్నదిగా ఉండాలంటే, జ్వరం తప్ప మరే సాకూ దాని ముందు నిలబడకూడదు. కేలరీల పరంగా దాని విలువ దాదాపు సున్నా. అది ఉన్నది తీగ తెగకుండా చూడడానికి.

ఇంకొకటి, "రేపటి నుంచి నడుస్తాను" అని కాకుండా "పొద్దున కాఫీ కప్పు కింద పెట్టగానే బూట్లు వేసుకుంటాను" అని రాయండి. పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచి పరిశోధించిన పద్ధతి ఇది, ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే కట్టెయ్యడం. దీంట్లో ఎక్కువమంది చేసే తప్పు గడియారానికి కట్టడం. ఆరున్నర దాటిపోతే ఆ రోజు పోయినట్టే. రోజూ తప్పకుండా జరిగే పనికి కడితే ఆలస్యమైనా పథకం బతికే ఉంటుంది.

మందులచీటీ
ఊపు గురించి మాట్లాడేముందు ఒంట్లో ఇంకేదైనా అడ్డుపడుతోందేమో చూసుకోవాలి. ఈ వయసులో ఇది వదిలేసి మనసుని తిట్టుకుంటారు.

థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, షుగర్ కోసం హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్, బీ12, విటమిన్ డీ, కిడ్నీ, లివర్ పరీక్షలు, బీపీ. గట్టిగా గురకపెట్టి, ఎనిమిది గంటలు పడుకున్నా పగలు తూగుతుంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడడం) ఉందేమో డాక్టర్ని అడగాలి. అలాంటివాళ్ళకి "పొద్దున్నే లేవాలనే పట్టుదల లేదు" అనేది తప్పు నిర్ధారణ.

తర్వాత మందుల చీటీ తియ్యండి. ఇన్సులిన్, షుగర్ మాత్రల్లో గ్లిమెపిరైడ్ రకం, స్టెరాయిడ్లు, మానసిక సమస్యలకి వాడే మిర్టాజపీన్, పారోక్సెటీన్, ఓలాంజపీన్, మూర్ఛకి వాల్ప్రోయేట్, నరాల నొప్పికి ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, బీపీకి, గుండెకి వాడే కొన్ని బీటా బ్లాకర్లు. వీటితో బరువు పెరగొచ్చు. సొంతంగా ఒక్కటీ ఆపకండి. "బరువు పెంచనిది దీనికి బదులు ఉందా" అని అడగడం మాత్రం మీ హక్కు, చాలాసార్లు ఉంటుంది.

ఇంకో ప్రమాదం తగ్గడం మొదలయ్యాక వస్తుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడుతూ పిండిపదార్థాలు ఒక్కసారిగా సగానికి కోస్తే షుగర్ 70 కిందకి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ దాని గుర్తులు. బీపీ మాత్రలు వాడేవాళ్ళకి నాలుగైదు కేజీలు తగ్గాక లేచి నిలబడితే కళ్ళు తిరగొచ్చు, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. ఇది చెడ్డ వార్త కాదు, డాక్టర్‌కి చెప్పాల్సిన వార్త. మెట్లెక్కితే ఛాతీలో బిగుతు ఉన్నవాళ్ళు వ్యాయామానికి ముందే గుండె పరీక్ష చేయించుకోవాలి.

తూకంరాయి
ముల్లు కదలక విసిగి ఆగినవాళ్ళ కోసం.

తిండి తగ్గించిన మొదటి వారంలో ఒకటి నుంచి మూడు కేజీలు పోవచ్చు. అందులో చాలావరకు నీళ్ళు. ఒంట్లో దాచిన గ్లైకోజన్ (నిల్వ చక్కెర) ఒక్కో గ్రాము సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే గ్లైకోజన్ కరిగి ఆ నీళ్ళు బయటికి పోతాయి. రెండో వారంలో ముల్లు ఆగుతుంది. మూడో వారంలో కొత్త వ్యాయామంతో కండరాలు కాస్త నీరు పట్టి, ఒక కేజీ పెరిగినట్టు కూడా చూపించొచ్చు. నిజానికి కొవ్వు ఆ మూడు వారాలూ ఒకే తీరుగా కరుగుతూనే ఉంది. ఇది తెలియనివాళ్ళు సరిగ్గా మూడో వారంలో వదిలేస్తారు.

పద్ధతి: పొద్దున లేచి బాత్‌రూముకి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో, గట్టి నేల మీద పెట్టిన అదే యంత్రం మీద. రోజూ అంకె రాయండి గానీ దాన్ని నమ్మకండి. ఏడు రోజుల సగటు తీసి, పోయిన వారం సగటుతో మాత్రమే పోల్చండి. రోజుకి రోజుకి ఒకటిన్నర రెండు కేజీల ఊగిసలాట మామూలే: ఉప్పెక్కువైన భోజనం, మలబద్ధకం, నిద్ర లేమి, నెలసరి ముందు రోజులు. మెనోపాజ్ ముందు నెలసరి గతి తప్పినవాళ్ళు నాలుగు వారాల సగటే చూసుకోవాలి, వారం సగటు కూడా వాళ్ళని మోసం చేస్తుంది.

గిన్నెమూత
తూకంరాయి గారితో కొంచెం విభేదిస్తాను. రోజూ తూచుకోవడం అందరికీ పనికిరాదు. అంకె అర కేజీ పెరిగితే ఆ రోజంతా మూడ్ పోయి, "ఎలాగూ పాడైంది" అని తినేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి నెలకి రెండుసార్లు నడుం కొలత చాలు. గతంలో తిండి మానేసి, తర్వాత అదుపు లేకుండా తినడం అనే చక్రంలో పడ్డవాళ్ళయితే యంత్రం అటక మీద పెట్టడమే మంచిది, డాక్టర్ సలహా కూడా కావాలి.

తూకంరాయి
ఒప్పుకున్నాను. పరీక్ష ఒకటే: అంకె చూశాక ఆ రోజు తిండి మారుతోందా? మారితే యంత్రం మీకు సరిపడదు. "ఎలాగూ పాడైంది" అనేదాన్ని జానెట్ పొలివీ, పీటర్ హెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల క్రితమే గమనించారు. డైటింగ్ చేసేవాళ్ళు గీత దాటామనుకోగానే ఆ పూటకి పగ్గాలు వదిలేస్తారు. 200 కేలరీల తప్పు 1,500 కేలరీల తప్పుగా మారేది ఆ ఒక్క ఆలోచన వల్ల.

గిన్నెమూత
తిండి సంగతి. అందరూ "తక్కువ తినండి" దగ్గర ఆపేస్తారు, ఏది తగ్గించకూడదో చెప్పరు.

ప్రొటీన్ తగ్గకూడదు. ఈ వయసులో బరువు తగ్గేటప్పుడు రోజుకి కేజీకి 1.2 నుంచి 1.6 గ్రాములు చూసుకోవాలి. బాగా బరువున్నవాళ్ళు ఇప్పటి బరువుకి కాకుండా చేరాలనుకునే బరువుకి లెక్కేసుకోవాలి. 65 కేజీలు లక్ష్యమైతే 80 నుంచి 100 గ్రాములు. ఒక గుడ్డులో 6, ఉడికిన చికెన్ బ్రెస్ట్ 100 గ్రాముల్లో 30 దాకా, ఉడికిన పప్పుధాన్యాలు 100 గ్రాముల్లో 8 లేదా 9, మామూలు పెరుగు 100 గ్రాముల్లో 4 కంటే కొంచెం తక్కువ. ఈ లెక్క చూస్తే చాలామంది పొద్దున, మధ్యాహ్నం కలిపి 25 గ్రాములు కూడా తినడం లేదని తేలుతుంది. సాయంత్రం ఆకలి అక్కడ పుడుతుంది. పూటకి 25 నుంచి 30 గ్రాములు పడేలా, ముఖ్యంగా మొదటి పూట, సర్దుకోవాలి. కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఈ అంకెలు పట్టుకోకండి, డాక్టర్ చెప్పినంతే.

నూనె చేత్తో వంచకండి, చెంచాతో కొలవండి. ఒక టేబుల్ స్పూను 14 గ్రాములు, 120 కేలరీలు. గిన్నెలోకి ధారగా వంచేటప్పుడు రెండు స్పూన్లు ఒకటిలా కనిపిస్తాయి. ఒక మనిషికి రోజుకి ఒక్క స్పూను తేడా వస్తే అదే లోటులో మూడోవంతు.

లెక్క రాయడం గురించి కూడా. 1992లో స్టీవెన్ లిక్ట్‌మన్ బృందం, ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పినవాళ్ళని పరీక్షిస్తే, వాళ్ళు తిన్నది సగటున 47 శాతం తక్కువ చేసి చెప్పారని, చేసిన శ్రమ 51 శాతం ఎక్కువ చేసి చెప్పారని తేలింది. అబద్ధాలాడారని కాదు. రుచి చూసిన చెంచా, పిల్లల పళ్ళెంలో మిగిలింది, టీలో చక్కెర, ఇవేవీ "తినడం" కింద గుర్తుండవు. అందుకే జీవితాంతం రాయక్కర్లేదు గానీ మొదటి రెండు వారాలు, వంటింటి తూకంతో, నోట్లో పడ్డదల్లా రాయాలి. ఏమీ తగ్గించకుండా ఉన్నది ఉన్నట్టు రాయండి. తగ్గిస్తూ రాస్తే మీ అసలు తిండి ఏమిటో ఎప్పటికీ తెలియదు.

మళ్ళీమొదలు
రెండు వారాలు తగ్గించకుండా ఉంటే ఊపు పోదా?

కొలతబద్ద
పోదు, ఎందుకంటే ఆ రెండు వారాల్లో మీరు ఓడిపోయే అవకాశమే లేదు. రాస్తేనే గెలుపు. మూడో వారంలో రోజుకి 300 నుంచి 400 కేలరీలు కొయ్యండి, ఎక్కడ కొయ్యాలో కాగితమే చూపిస్తుంది.

ఎదురుచూపులు మాత్రం ముందే సరిచేసుకోవాలి. కేజీ కొవ్వుకి 7,700 కేలరీలు, కాబట్టి రోజుకి 240 తగ్గిస్తే ఏడాదికి 11 కేజీలు అని పాత లెక్క. తప్పు. బరువు తగ్గే కొద్దీ ఖర్చు కూడా తగ్గుతుంది. పైన చెప్పిన ఆవిడే 68 కేజీలకి వస్తే అదే సూత్రంలో 100 కేలరీలు పోయాయి, 1.4తో హెచ్చవేస్తే 140. 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో కెవిన్ హాల్ బృందం ఇచ్చిన లెక్క వాస్తవానికి దగ్గర: రోజుకి శాశ్వతంగా 24 కేలరీలు తగ్గిస్తే చివరికి ఒక కేజీ తగ్గుతుంది, అందులో సగం మొదటి ఏడాదిలో, 95 శాతం మూడేళ్ళలో. అంటే 240 కేలరీల కోతకి మొదటి ఏడాది 5 కేజీలు. పాత లెక్క నమ్మినవాళ్ళకి ఇది ఓటమిలా కనిపిస్తుంది, అసలు లెక్క తెలిసినవాళ్ళకి సరిగ్గా దారిలో ఉన్నట్టు.

ఆ 5 కేజీలు తక్కువేమీ కాదు. 2002లో ఫలితాలొచ్చిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో 3,234 మంది పాల్గొన్నారు, సగటు వయసు 51. అందరూ షుగర్ అంచున ఉన్నవాళ్ళే. 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల శ్రమ లక్ష్యంగా పెట్టుకున్న గుంపులో షుగర్ జబ్బు రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర తీసుకున్న గుంపులో 31 శాతం. 78 కేజీలకి 7 శాతం అంటే ఐదున్నర కేజీలు. లక్ష్యం ఇదిగో. కాలేజీ నాటి ఫొటో చూసి పెట్టుకున్న అంకె చింపెయ్యండి.

మోకాలుచిప్ప
వ్యాయామం నా వాటా.

మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళకి వచ్చే గాయాలకి మూలం ఒకటే, ఒంటికి పాత సామర్థ్యం గుర్తుంటుంది. ఊపిరి రెండు మూడు వారాల్లో మెరుగవుతుంది, కండ ఆరు వారాల్లో, టెండన్లకి (కండని ఎముకకి కలిపే పట్టీలకి) నెలలు పడుతుంది. మూడో వారంలో "బాగానే ఉంది కదా" అని పరుగెత్తితే మడమ, పిక్క, మోకాలు పట్టేస్తాయి. అందుకే ఇప్పుడు చెయ్యగలనని మీకనిపించే దాంట్లో సగంతో మొదలుపెట్టండి.

నడక: మొదటి వారం రోజుకి 10 నిమిషాలు, భోజనం తర్వాత అయితే షుగర్‌కీ మంచిది. వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ 30కి చేరండి. వేగం కొలవడానికి గడియారం అక్కర్లేదు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సిఫారసు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానితోపాటు కనీసం రెండు రోజులు కండ వ్యాయామం. జనం రెండో సగం వదిలేస్తారు. తిండి తగ్గించి నడక మాత్రమే చేస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, మళ్ళీ బరువు పెరిగినప్పుడు వచ్చేది ఎక్కువగా కొవ్వే. రెండు మూడుసార్లు తగ్గి పెరిగితే, అదే బరువుకి ముందుకన్నా మెత్తటి ఒళ్ళు మిగిలేది ఇందుకే.

కండ వ్యాయామం వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు ఎడం. ఐదు కదలికలు చాలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. గోడకి చేతులానించి పుషప్. రబ్బరు బ్యాండు తలుపు గడియకి కట్టి మోచేతులు వెనక్కి లాగడం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం పైకెత్తడం. రెండు చేతుల్లో బరువు సంచులు పట్టుకుని 30 సెకన్లు నిటారుగా నడవడం. మొదటి రెండు వారాలు ఒక్కోటి ఒకే సెట్, 8 సార్లు. మూడో వారం నుంచి రెండు సెట్లు, సెట్టుకీ సెట్టుకీ మధ్య ఒకటిన్నర నిమిషం. సెట్ ఆపాక ఇంకా రెండు మూడు చెయ్యగలిగేట్టు ఉంటే మోతాదు సరిపోయినట్టు. 12 సార్లు తేలిగ్గా వచ్చిన రోజున కష్టం పెంచాలి: కుర్చీ ఎత్తు తగ్గించడం, గోడ బదులు బల్ల అంచు, మందం బ్యాండు.

మోకాలు నొప్పి ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి, లేచేటప్పుడు మడమల మీద బరువు వెయ్యండి. నొప్పికి పదికి మూడు మార్కుల లోపు, మర్నాటికి సర్దుకునేది పర్వాలేదు. మర్నాడు పెరిగినా, వాచినా మోతాదు సగానికి కొయ్యాలి. మానెయ్యకూడదు. ఊపిరి బిగబట్టకండి, బీపీ ఉన్నవాళ్ళు మరీ ముఖ్యంగా.

మళ్ళీమొదలు
నిద్ర గురించి ఎవరూ ఎత్తలేదు. దానికీ దీనికీ నిజంగా సంబంధముందా, లేక అన్ని వ్యాసాల్లో చివర తగిలించే సలహాయేనా?

మందులచీటీ
ఉంది. 2010లో ప్లామెన్ పెనెవ్ బృందం ఒకే మనుషులకి ఒకే డైట్ ఇచ్చి, ఒక 14 రోజులు మంచం మీద ఎనిమిదిన్నర గంటలు, ఇంకో 14 రోజులు ఐదున్నర గంటలు ఉంచింది. బరువు దాదాపు అంతే తగ్గింది, కానీ నిద్ర తక్కువైన విడతలో అందులో కొవ్వు వాటా 55 శాతం తగ్గింది, కండ ఎక్కువ పోయింది. పది మందితో చేసిన చిన్న పరీక్ష, అయినా దిశ స్పష్టం. 2022లో ఎస్రా తసాలీ బృందం తక్కువ నిద్రపోయే 80 మందిలో కొందరికి నిద్ర గంటకి పైగా పెరిగేలా చేస్తే, ఎవరూ చెప్పకుండానే వాళ్ళు రోజుకి సుమారు 270 కేలరీలు తక్కువ తిన్నారు. ఆరు గంటల లోపు నిద్రపోయేవాళ్ళు పొద్దున్నే నడవడం కోసం నిద్ర కొయ్యడం శుద్ధ దండగ. ఆ నడక సాయంత్రానికి మార్చండి.

మెనోపాజ్ ఆవిర్లతో రాత్రి మెలకువ వచ్చేవాళ్ళు దాన్ని భరించాల్సిన విషయంగా వదిలెయ్యకండి, వైద్యం ఉంది.

అడుగుబొడుగు
ఇంతా చదివాక అడుగుతున్నా, బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఉన్నాయిగా? ఊపు గొడవే ఉండదు.

మందులచీటీ
పనిచేస్తాయి, సందేహం లేదు. 2021 స్టెప్ 1 పరీక్షలో సెమాగ్లూటైడ్ అనే ఇంజెక్షన్ 2.4 మిల్లీగ్రాములు వారానికోసారి వాడినవాళ్ళు 68 వారాల్లో సగటున 14.9 శాతం తగ్గారు. అయితే ఆపాక ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. ఆకలి తగ్గుతుంది కాబట్టి ప్రొటీన్ కూడా తగ్గిపోతుంది, వాడేవాళ్ళకి మోకాలుచిప్ప గారి ఐదు కదలికలు మరింత అవసరం. వికారం, మలబద్ధకం తరచుగా ఉంటాయి. పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చినవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా మెడల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన చరిత్ర ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. తీసుకోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు, డాక్టర్ చీటీ లేకుండా తెప్పించుకోవడం మాత్రం తప్పు. ఇంకోటి, ఇంజెక్షన్ అయినా డైట్ అయినా వారానికి ఒకటిన్నర కేజీకి మించి తగ్గుతుంటే పిత్తాశయంలో రాళ్ళ ప్రమాదం పెరుగుతుంది.

మళ్ళీమొదలు
చివరిది. ఐదో వారంలో జ్వరమో ప్రయాణమో వచ్చి పది రోజులు ఆగిందనుకోండి. అసలు చిక్కు అక్కడే. రెండో "మళ్ళీ మొదలు" మొదటిదాని కన్నా కష్టం.

నిదానం
ఆ కాగితం ఇప్పుడే రాసి పెట్టుకోవాలి, ఆగాక రాయడానికి ఎవరికీ బుద్ధి పుట్టదు. నాలుగే వాక్యాలు. తిరిగొచ్చిన మొదటి రోజు గడ్డు రోజు పథకమే. మొదటి మూడు రోజులు తూకం ఎక్కను, ప్రయాణంలో తిన్న ఉప్పు పట్టిన నీళ్ళు దిగేదాకా ఆ అంకెకి అర్థం లేదు. వ్యాయామం ఆపిన రోజున ఉన్నదాంట్లో సగం, వారం పాటు. పోయిన రోజులకి పరిహారంగా ఉపవాసం చెయ్యను. ఈ నాలుగోదాన్ని ఎర్ర ఇంకుతో రాయండి, పరిహారం చెయ్యబోయి రెండో రాత్రికి అతిగా తినేవాళ్ళే ఎక్కువ.

అలవాటు పడడానికి 21 రోజులంటారు, అదీ నమ్మకండి. 2010లో ఫిలిప్పా లాలీ బృందం చూసినప్పుడు మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. నీళ్ళు తాగడంలాంటివి త్వరగా, వ్యాయామం ఆలస్యంగా. మధ్యలో ఒక రోజు తప్పితే ఆ ప్రక్రియకి పెద్దగా నష్టం జరగలేదని కూడా అందులోనే ఉంది. ఇరవై రెండో రోజున ఇంకా కష్టంగా ఉందంటే మీలో లోపమేమీ లేదు, మూడోవంతు దారిలో ఉన్నారు.

అడుగుబొడుగు
నడుం కొలత ఎక్కడ తియ్యాలి? ప్యాంటు కట్టుకునే చోటా, బొడ్డు దగ్గరా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

తూకంరాయి
రెండూ కాదు. పక్క నుంచి చేత్తో తడుముకుంటే చివరి పక్కటెముక కింది అంచు తగులుతుంది, ఇంకా కిందకి వస్తే తుంటి ఎముక పై అంచు. ఆ రెండింటికీ సరిగ్గా మధ్య. టేపు నేలకి సమాంతరంగా, చర్మానికి తాకేట్టు, నొక్కకుండా. మామూలుగా ఊపిరి వదిలాక చూడండి, పొట్ట లోపలికి లాక్కోకండి. రెండుసార్లు కొలిచి సగటు రాయండి. అది మీ ఎత్తులో సగం లోపు ఉండాలి, 160 సెంటీమీటర్ల మనిషికి 80 లోపు. ఇప్పుడు 94 ఉంటే 80 గురించి కాదు, ముందు 90 గురించి ఆలోచించండి. పదిహేను రోజులకోసారి, అదే పూట.